నారాయణమ్మ నడిచిన పదకొండు వేల అడుగులు

కొత్తగా ఉద్యోగంలో చేరిన నర్సమ్మాయిలు ఇద్దరు మొన్న మా ఇంటికి వచ్చారు. నేను రిటైరై ఆరు నెలలే అయింది కాబట్టి ఇంకా పనికొస్తానని వాళ్ళ నమ్మకం. "అక్కా, ఆయాసం యాప్‌లో వివరాలు ఎట్ల నింపల్లో చూపించు" అన్నారు. చూపించాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. నిజానికి ఫోను వాడటం వాళ్ళే నాకు నేర్పగలరు. కాఫీ తాగి వెళ్ళిపోయారు. వాళ్ళు వీధి మలుపు తిరిగాక, చెప్పాల్సింది చెప్పకుండానే పంపేశానే అని మనసుకు పట్టుకుంది. అందుకే మీలాంటి కొత్త నర్సుల కోసం ఇది రాస్తున్నాను.

బదిలీలు, ప్రమోషన్లు, రిజిస్టర్లు రాయను. అవి ఎవరి ఉద్యోగంలోనైనా ఒకటే. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. ఆ తప్పువల్ల ధర్మవరం దగ్గర ఒక ఊళ్ళో, పట్టు నేసే ఒక ఆడమనిషి ప్రాణం మీదికి వచ్చింది. ఊరి పేరు, ఆసుపత్రి పేరు అక్కర్లేదు. మనిషి పేరు మార్చి నారాయణమ్మ అంటాను.

సంచి కుమ్మరించే డాక్టరు

ముందుగా నా మొదటి డాక్టరు గురించి చెప్పాలి. విడపనకల్లు వైపు ఒక చిన్న ఆసుపత్రిలో నా ఉద్యోగం మొదలైంది. అప్పటికే ఆయనకు యాభై దాటాయి. ముక్కోపి. సూది సరిగా ఉడకబెట్టలేదని నా మీద ట్రే విసిరిన రోజు కూడా ఉంది. అలాంటివాళ్ళ దగ్గర పనిచేస్తే మంచి పని నేర్చుకుంటామని అందరూ అంటారు. నేనలా అనను. భయంతో నేర్చుకున్నదానికంటే భయంతో దాచింది నాకు ఎక్కువ. కానీ ఆయన దగ్గర ఒక్క పద్ధతి మాత్రం బంగారం.

పాత పేషెంటు ఎవరు వచ్చినా మొట్టమొదట "సంచి తెచ్చినావా?" అని అడిగేవాడు. ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకొని రావాలని ఊరూరికీ తెలుసు. డాక్టరు రాసినవి, షాపువాడు ఇచ్చినవి, పక్కింటావిడ మిగిలిపోయాయని ఇచ్చినవి, నాటు వైద్యుడి పొడి, కాళ్ళకు రాసుకునే నూనె, అన్నీ. సంచిని బల్ల మీద బోర్లించి ఒక్కొక్కటీ వేలితో పక్కకు జరుపుతూ చూసేవాడు. ఒక ముసలాయన ఒకే బీపీ మాత్రను మూడు పేర్లతో మూడు పూటలా మింగుతున్నాడని అలాగే బయటపడింది. ఆ ముసలాయన కళ్ళు తిరిగి పడిపోవడం దయ్యం పని అని వాళ్ళింట్లో అనుకుంటున్నారు.

"వాళ్ళు అబద్ధం చెప్తారని కాదమ్మాయ్" అనేవాడాయన. "మనం అడగంది చెప్పరు. అంతే."

ఆయన దగ్గర నుంచి బదిలీ అయ్యాక కూడా ఏళ్ళ తరబడి నేను సంచి అడిగాను. యాప్ వచ్చిన ఏడాది మానేశాను.

ఫోను వచ్చి కూర్చుంది

నా ఉద్యోగంలో చివరి రెండేళ్ళు బీపీ, షుగరు, ఆయాసం చూసే క్లినిక్కులో గడిచాయి. ఆయాసంతో పాటు అధిక బరువు కూడా ఉన్నవాళ్ళ కోసం ఒక యాప్ పెట్టి చూద్దామని పైనుంచి చెప్పారు. ఆలోచన మంచిదే. ఈ రెండూ కలిస్తే మనిషిని గుండ్రంగా తిప్పుతాయి. బరువెక్కితే ఊపిరి బిగుస్తుంది. ఊపిరి బిగిసిన మనిషి నడవలేడు. నడవకపోతే ఇంకా బరువు. ఎక్కడో ఒకచోట ఆ తిరుగుడు ఆపాలి.

యాప్‌లో పని తేలిక. పొద్దున్నే ఒక గొట్టంలో గట్టిగా ఊది, ముల్లు ఎక్కడ ఆగిందో ఆ అంకె నొక్కాలి. ఇన్హేలర్ తీసుకున్నావా అంటే అవును, కాదు. వారానికోసారి బరువు. అడుగులు ఫోనే లెక్కపెట్టుకుంటుంది. అన్నీ బాగుంటే నా ట్యాబులో ఆ మనిషి పేరు పక్కన ఆకుపచ్చ గుర్తు, అటూఇటూగా ఉంటే పసుపు, ప్రమాదమైతే ఎరుపు. ఏమీ నొక్కకపోతే బూడిద రంగు.

ఇది పనికిరాని వస్తువని నేననను. కుందుర్పి నుంచి వచ్చి మా ఊళ్ళో ఉంటున్న ఒక గొర్రెల కాపరికి పసుపు రావడం చూసి, ఫోను చేసి పిలిపించి, రెండు సార్లు ఆయాసం ముదరకుండా ఆపాం. నాకు అది నచ్చింది. బాగా నచ్చింది. ఉదయం ట్యాబు తెరిస్తే ముప్ఫైమంది మనుషులు బొట్లు పెట్టుకున్నట్టు వరుసగా కనిపించేవారు. మనిషి రాకముందే మనిషి సంగతి నాకు తెలిసిపోయిందనుకునేదాన్ని.

ఆ ముప్ఫైలో అందరికంటే పచ్చగా ఉండేది నారాయణమ్మ. నలభై ఆరేళ్ళు. మొగుడు ఆదినారాయణ, తను, చెరో మగ్గం. యాప్ మొదలుపెట్టే రోజుకు ఎనభై తొమ్మిది కిలోలు. మెట్లెక్కి మా గదికి వచ్చేసరికి నాలుగు మాటలు వరుసగా మాట్లాడలేకపోయింది. అలాంటి మనిషి నెల తిరక్కుండా రోజుకు పది, పదకొండు వేల అడుగులు! ఊదిన అంకె బాగుంది. ఇన్హేలర్ రోజూ "అవును". తనిఖీకి వచ్చిన మా పై అధికారి ట్యాబులో ఆమె గీత చూసి, "ఈమెను నలుగురికీ చూపించాలి సిస్టర్" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. కానీ ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే, పచ్చ ఎంతమంది అని. పోనుపోను నేను నాకు నేను వేసుకునే ప్రశ్న కూడా అదే అయింది.

ఒక్క బరువే మాట వినలేదు. నెలకో కిలో చొప్పున పెరుగుతూ పోయింది.

ఆ బుధవారం

క్లినిక్కు బుధవారం. బరువు చూసే మిషను గది గుమ్మం దగ్గరే ఉండేది, క్యూ అంతా చూస్తూ ఉండేది. నారాయణమ్మ ఎక్కింది. తొంభై మూడు. నేను ఆ అంకెను గట్టిగా చదివాను. ట్యాబు చేతిలో ఉంది.

"పదకొండు వేల అడుగులు నడిచి నాలుగు కిలోలు ఎట్ల పెరిగినావు నారాయణమ్మా? అడుగులన్నీ వంటింట్లోకేనా?" అన్నాను.

క్యూలో ఉన్నవాళ్ళు నవ్వారు. నవ్వించినందుకు ఆ క్షణంలో నాకు కొంచెం గొప్పగా కూడా అనిపించింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

ఆమె మిషను మీంచి దిగి చెప్పులు వేసుకుంది. "నేనేం తింటానో నాకు తెల్దా సిస్టరమ్మా. పొద్దున ఇంత సంగటి, రాత్రికి ఇంత సంగటి. ఆకలి మాత్రం శానా అయితాది. ఎందుకో తెల్దు" అంది.

ఆ మాట దగ్గర నేను ఆగాల్సింది. ఆకలి ఎందుకు ఎక్కువైందని అడగాల్సింది. ముఖం ఎప్పటికంటే గుండ్రంగా, ఉబ్బినట్టు ఉంది. అది కూడా కళ్ళముందే ఉంది. నేను ట్యాబు చూస్తున్నాను. "ఓళిగలు, బజ్జీలు ఎవరూ లెక్కలో చెప్పరులే" అని తర్వాతి మనిషిని పిలిచాను.

ఆ మరుసటి రోజు నుంచి ఆమె పేరు పక్కన బూడిద రంగు.

బూడిద రంగు

తొమ్మిది రోజులు అలాగే ఉంది. యాప్ తనంతట తనే ఆమెకు గుర్తుచేసే మెసేజీలు పంపింది. నేను కూడా రెండుసార్లు బటన్ నొక్కి పంపాను. ఆమె చదువు మూడో తరగతి. వాళ్ళిల్లు ఆసుపత్రికి రెండు వీధుల అవతల. బటన్ నొక్కడానికి ఉన్న శ్రద్ధ లేచి వెళ్ళడానికి లేకపోయింది. అలిగింది, తనే వస్తుందిలే అనుకున్నాను.

పదో రోజు మధ్యాహ్నం భోజనం చేసి చెయ్యి కడుక్కుంటుంటే ఆటో వచ్చి మెట్ల దగ్గర ఆగింది. ఆదినారాయణ కేకలు వేస్తున్నాడు. "అమ్మా, డాక్టరమ్మా! ఊపిరాడలే! మనిషి పోతాండాది!" నారాయణమ్మ వెనక సీటులో ఒరిగిపోయి ఉంది. పెదవులు నల్లబడ్డాయి. ఛాతీ ఎగిసి పడుతోంది కానీ గాలి లోపలికి పోతున్న చప్పుడు లేదు. ఆయాసంలో ఈల వినపడితే భయం. ఈల కూడా వినపడకపోతే ఇంకా భయం. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి.

మా డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల, కానీ చెయ్యి వణకదు. ఆక్సిజన్ పెట్టింది, ముక్కుకు మాస్కు పెట్టి మందు పొగ పట్టించింది, సూది వేయించింది. మధ్యలో ఆదినారాయణను అడిగింది. "ఏమేం మందులు వాడుతోంది?"

"ఈడ ఇచ్చిన పీల్చే పంపు యెప్పుడో గాని వాడదు" అన్నాడాయన. "అది అలవాటైతే ఇడ్సదంట గదా. షాపులో మాత్ర ఇస్తాండ్రి. అదేసుకుంటే నిమ్మళంగా ఉండేది. మీరు తిండెక్కువైందని అన్న్యాక, ఆ మాత్రతోనే ఒళ్ళొస్తాదని ఎవురో చెప్పినారని నిలిపేసింది. ఒక పొద్దే తింటాంది. ఆ మాత్ర నిలిపినప్పటి నుంచే ఇట్లైపాయె."

జేబులోంచి సగం వాడిన అట్ట తీసి నా చేతిలో పెట్టాడు. చిన్న తెల్ల మాత్రలు. స్టెరాయిడ్.

"ఎన్నాళ్ళుగా?" అని అడిగింది డాక్టరమ్మ.

"రెండేండ్లు."

అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఊదిన అంకె బాగుండటం మాత్ర వల్ల. ఆకలి మాత్ర వల్ల. బరువు, ఉబ్బిన ముఖం మాత్ర వల్ల. ఏళ్ళ తరబడి మింగిన ఆ మాత్రను ఒక్కరోజులో ఆపితే ఒళ్ళు తట్టుకోదు. మెల్లగా, డాక్టరు చెప్పినట్టు తగ్గించాలి. ఆమె ఆపింది ఎందుకు? నేను నలుగురిలో నవ్వులపాలు చేశాను కాబట్టి. యాప్‌లో షాపు మాత్రకు గడి లేదు. నాకు నోరుంది, నేను అడగలేదు.

అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపాం. నాలుగు రోజులు మనిషి దక్కుతుందో లేదో తెలియలేదు. ఆ నాలుగు రోజులూ నేను ట్యాబు తెరవలేదు.

మగ్గం దగ్గర

దక్కింది. ఇంటికి వచ్చిందని తెలిసిన సాయంత్రం నేను వెళ్ళాను. రెండు వీధులు నడవడానికి ఐదు నిమిషాలు పట్టింది.

ముందుగదిలో మగ్గం మీద ఆదినారాయణ నేస్తున్నాడు. పక్కన మంచం మీద నారాయణమ్మ గోడకు ఆనుకొని కూర్చుంది. నన్ను చూసి ముఖం తిప్పుకోలేదు, పలకరించనూ లేదు. కూర్చోవడానికి స్టూలు చూపించింది. కూర్చొని, "ఫోను యాడ పెట్టినావు?" అన్నాను.

"ఆడ" అని మగ్గం వైపు చూపించింది.

మగ్గం గుంజకు చిన్న గుడ్డసంచి వేలాడుతోంది. అందులోంచి పాట వస్తోంది. ఆదినారాయణ కాళ్ళతో తొక్కి, పోగు దూర్చే నాడెను అటు నుంచి ఇటు విసిరి, పలకను లాగి కొట్టిన ప్రతిసారీ సంచి ఎగిరెగిరి పడుతోంది. నేను లేచి ఫోను బయటికి తీశాను. ఆ రోజు అడుగులు ఆరు వేల చిల్లర. మళ్ళీ సంచిలో పెట్టి, ఆయన పది దెబ్బలు కొట్టేదాకా ఆగి, తీసి చూశాను. పెరిగాయి.

"నారాయణమ్మా, ఈ ఫోను ఎప్పుడూ ఈడనే ఉంటాదా?"

"మరి యాడ పెట్టల్ల? పాటలు ఇనుకుంటా నేస్తాం. ఎప్పుడూ ఆన్నే."

"నువ్వు నడిచేది?"

"నడిచేదా?" అని ఆమె నన్ను వింతగా చూసింది. "నేను యాడికి నడుస్తా సిస్టరమ్మా? పొద్దస్తమానం మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని కూచునేదాన్ని. నడిచినానని నేనెప్పుడు చెప్పినా? మీరే పదకొండు వేలంటిరి. ఏమో, కాళ్ళు తొక్కేది కూడా లెక్కేమో అనుకున్యా."

ఆదినారాయణ నేయడం ఆపి నవ్వాడు. ఆమె నవ్వింది, నవ్వితే దగ్గొచ్చింది. నేను కూడా నవ్వాను, కానీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాలుగు నెలల పాటు నేను పై అధికారికి చూపించి మురిసిపోయిన గీత, ఈ మగ్గం ఊగిన లెక్క. ఆ లెక్కను నమ్మి ఈమెను తిండిపోతును చేశాను.

"తప్పు నాది. నిన్ను అట్ల అనకుండాల్సింది" అన్నాను.

"అనేది అందరి ముందర అంటివి. తప్పని ఈడికొచ్చి ఒక్కదానికే చెప్తాండావు" అంది.

ఆ తర్వాతి బుధవారం, నారాయణమ్మతో సహా క్యూలో ఉన్నవాళ్ళందరి ముందు చెప్పాను. పెద్ద ఉపన్యాసమేమీ కాదు. నారాయణమ్మ తిండి వల్ల బరువు పెరగలేదు, మందు వల్ల పెరిగింది, అడక్కుండా నేను నోరు జారాను అన్నాను. కొందరు నేలచూపులు చూశారు. ఆమె తల కూడా ఎత్తలేదు. అదే రోజు బరువు మిషను గుమ్మం దగ్గరనుంచి తీసి తెర వెనక పెట్టించాను. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన మంచి పనుల్లో అది ఒకటి. పది నిమిషాల పని.

ఆ తర్వాత

యాప్‌ను చెత్తబుట్టలో వేయమని చెప్తానేమో అనుకుంటున్నారు. వేయొద్దు. మేము దాన్ని మళ్ళీ మొదలుపెట్టాం, ఈసారి మనిషి ఇంటి గుమ్మం దగ్గరనుంచి.

డాక్టరమ్మ మాత్రను వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చింది. తగ్గించే రోజుల్లో ఉదయం ఊదే అంకె మాకు నిజంగా దారి చూపింది. అంకె పడిందంటే తగ్గించడం ఆపేవాళ్ళం. పంపు ఎట్లా పీలుస్తోందో కూతురు సుజాత వీడియో తీసి పంపేది. అందులో చూస్తే సగం మందు నోట్లోంచే బయటికి పోతోంది. "అవును" అని నొక్కిన రోజుల్లో కూడా ఆమెకు మందు అందలేదన్నమాట. "కాదు" అని నొక్కితే నేను ఫోను చేసి గొణుగుతానని "అవును" నొక్కేదట, ఆమే చెప్పింది.

ఇక నడక. ఉదయం షికారుగా నడవమంటే ఆమెకు తల తీసేసినట్టుంటుంది. "పనీ పాటా లేక తిరుగుతాందని వీధంతా అంటారు" అంది. ఆ వీధిలో ఇప్పటికీ ఉదయం పడుగు సాగదీసే ఇళ్ళున్నాయి. వీధి పొడుగునా దారాలు బిగించి, తెగినవి అతుకుతూ ఆ కొస నుంచి ఈ కొసకు తిరుగుతారు. దాన్ని ఎవరూ షికారు అనరు. నారాయణమ్మ వాళ్ళ దగ్గర చేరింది. మొదట్లో ఒక కొస దాకా పోయి అరుగు మీద కూర్చునేది. రెండు నెలలకు కూర్చోకుండా నాలుగుసార్లు తిరిగింది. ఫోను అప్పుడు నడుముకు దోపుకునేది. రెండు వేల అడుగులు కూడా వచ్చేవి కావు. కానీ అవి ఆమె అడుగులు. బరువు తొంభై మూడు నుంచి ఎనభై ఆరుకు దిగడానికి ఏడాది దగ్గర పట్టింది. సినిమాలో లాగా సన్నబడలేదు. మెట్లెక్కి వచ్చి మాట్లాడగలిగింది, నాకు అది చాలు.

నేను మళ్ళీ సంచి అడగడం మొదలుపెట్టాను. చాలామంది సంచి కుమ్మరిస్తే ఆ తెల్ల మాత్ర అట్ట బయటపడేది. ముప్ఫైమందిలో ఎంతమంది దగ్గరో చెప్తే మీరు నమ్మరు.

పచ్చలు తగ్గాయి. నిజం చెప్పమన్నాక పసుపులే వస్తాయి. పై అధికారి తనిఖీకి వచ్చి, "ఏం సిస్టర్, ఇట్లా దిగజారిపోయింది?" అన్నాడు. ఇప్పుడే బాగుంది సార్ అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పే ఓపిక నాకు లేకపోయింది. అది కూడా నా తప్పే. మీరైనా ఓపిగ్గా చెప్పండి.

ఎరుపు

రిటైర్‌మెంటుకు వారం ముందు ఒక ఉదయం నారాయణమ్మ పేరు పక్కన ఎరుపు వచ్చింది. యాప్ మొదలైనప్పటి నుంచి ఆమెకు ఎరుపు రావడం అదే మొదటిసారి. ప్రాణం పోయేలా అయిన రోజు కూడా ఆమె గుర్తు బూడిద రంగే. ఎరుపుతో పాటు ఆమె గొంతుతో మెసేజి ఉంది.

"సిస్టరమ్మా, అబద్ధమెందుకు. మొన్న రంగులద్దే కాడ పొగకు ఆయాసమొచ్చినాది. పంపు ఇంట్లో ఉండాది, నేను ఆడుండా. షాపులో ఆ మాత్ర రెండు తీస్కొని మింగినా. రాత్రి నుంచి మళ్ళా బిగుస్తాండాది. ఊదితే ముల్లు లేస్తాలేదు. తిట్టేదుంటే తిట్టు, ఏం జెయ్యల్లో మాత్రం చెప్పు."

నేను వెంటనే ఫోను చేశాను. పంపు ఎన్నిసార్లు పీల్చాలో చెప్పి, ఆదినారాయణను తీసుకొని రమ్మన్నాను. పావుగంటలో వచ్చారు. ఆయన భుజం పట్టుకొని మెట్లు తనే ఎక్కింది. డాక్టరమ్మ చూసి, సమయానికి వచ్చినావమ్మా అని మాస్కు పెట్టింది. మందు పొగ పడుతుంటే ఊపిరి మెల్లగా సర్దుకుంది. అరగంటకు పెదవులకు రంగు వచ్చింది.

నేను సంచి అడగలేదు. ఆ రోజు తనే తెచ్చి మంచం పక్కన పెట్టుకుంది.

కాసేపటికి మాస్కు కొంచెం పక్కకు జరిపి నా వైపు చూసింది. "తిట్టవా?" అంది.

"తిట్టను."

ఆమె నన్ను తేరిపార చూసింది, నిజమేనా అన్నట్టు. ఆదినారాయణ బయటికి టీకి వెళ్ళాడో లేదో గుమ్మం వైపు ఒకసారి చూసుకుంది. తర్వాత గొంతు తగ్గించి, "అట్లయితే ఇంగోటి ఉండాది. ఎవురికీ చెప్పలే. ఇట్లా దగ్గరికి రా" అంది.

నేను ట్యాబు పక్కన పెట్టి, స్టూలు ఆమె దగ్గరికి లాక్కొని కూర్చున్నాను.